పుట్టగట్టు బియ్యం

పామంటే నాకు భయం, మా ఆయనకి ప్రాణం. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఎలా వేగుతున్నారని ఎవరైనా అడిగితే, ఆయన పాముని గుమ్మం దాటించడు, నేను ఆ ఊసెత్తను, అంతే అని చెప్పేదాన్ని. కిందటేడు నాట్లకి ముందు ఆ ఊసు ఆయనే ఎత్తాడు. పాముల్ని నమ్ముకుని బియ్యం వ్యాపారం చేద్దామన్నాడు.

మా ఆయన ఉమామహేష్ స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడు. క్వార్టర్సుల్లో ఎవరి బాత్రూములో పాము కనబడినా ఆయనకే ఫోను. విషమున్నవాటిని ఫారెస్టువాళ్ళకి అప్పజెప్పేవాడు. లేనివాటిని గుడ్డసంచిలో వేసుకుని పద్మనాభం దగ్గర మా పుట్టింటివాళ్ళ పొలం గట్ల మీద వదిలి వచ్చేవాడు. కాంట్రాక్టు పోయి ఇంట్లో కూర్చున్నాక ఆ గట్ల మీదే ఆయనకి ఈ ఆలోచన పుట్టింది. రైతులు ఎలకల మందు మానెయ్యాలి. ప్రతివాడూ పుట్ట ఉన్న గట్టొకటి చెక్కకుండా, కాల్చకుండా వదిలెయ్యాలి. ఎలకల సంగతి జెర్రిపోతులూ గుడ్లగూబలూ చూసుకుంటాయి. మందు తగలని ఆ బియ్యాన్ని మధ్యలో దళారీ లేకుండా పట్నంలో అపార్ట్‌మెంట్లవాళ్ళకి మంచి ధరకి అమ్మాలి. పేరు కూడా ఆయనే పెట్టాడు, పుట్టగట్టు బియ్యం అని.

"ఊరు ఊరంతా నవ్వుతాది" అన్నాను.

నవ్వింది కూడా. నవ్వనిది మా వదిన అనూరాధ ఒక్కతే. అప్పటికి మా అన్నయ్య సింహాద్రి మడికి రెండు వైపులా వెంచర్లు వచ్చేశాయి. రోడ్డు వెడల్పవుతుందన్న మాట పుట్టిన దగ్గర్నుంచి వరి మడులన్నీ ప్లాట్లవుతున్నాయి. హద్దురాళ్ళు పాతేస్తున్నారు. అన్నయ్య కూడా అమ్మేద్దామనే అన్నాడు. కౌలుకి చేసినవాడికి మిగలడం లేదు, సొంతానికి చేసినవాడికీ మిగలడం లేదు, ఎవరికోసం ఈ బురద అని ఆయన వాదన. వదిన కాదనలేదు. గడువు అడిగింది.

"ఈ ఒక్క పంట సూడు" అంది అన్నయ్యతో, నా ముందే. "అన్నియ్య సెప్పినట్టు అమ్ముడుపోతే మడి మనకుంటాది. పోకపోతే నీ ఇట్టం, అమ్మీసీ. నాను అడ్డు రాను."

అన్నియ్య అంటే మా ఆయనే. వరసకి అన్న కదా అని పిలుపుతో సరిపెట్టుకునే మనిషి కాదు మా వదిన. ఆయన తినే కూరేదో, ఆయనకి పడని కూరేదో నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఆవిడ ఇల్లిల్లూ తిరిగితేనే ఇంకో నలుగురు రైతులు మందు మానేస్తామని ఒప్పుకున్నారు.

మా ఆయన పాలకేంద్రం గోడకి సున్నం కొట్టించి పాముల బొమ్మలు వేశాడు. పొద్దునా సాయంత్రం పాలు పొయ్యడానికి వచ్చేవాళ్ళందరికీ కనబడాలని అక్కడ. ఆకుపచ్చ గీత లోపల ఏమీ చెయ్యనివి, జెర్రిపోతు, నీరుకట్టె, కొండచిలువ. ఎర్రగీత లోపల దూరంగా ఉండవలసినవి, నాగుపాము, కట్లపాము, రక్తపింజర. పెయింటర్ని పెట్టుకుందామంటే ఎందుకు దండగ అని తనే బ్రష్షు పట్టాడు.

"పడగున్నది నాగుపాము. మిగతావన్నీ తాళ్ళే" అన్నాను చూసి.

"నీ కళ్ళకి అంతే" అని నవ్వాడు. వదిన మాత్రం గోడ ముందు నిలబడి, బడిపిల్లలా ఒక్కోదాని పేరూ పైకి చెప్పుకుని మరీ పాలు పోసేది.

నాగులచవితికి మొదటి గిరాకీ వచ్చింది. పట్నంలో పుట్టలెక్కడున్నాయి? ఉన్న రెండు పార్కుల్లో తొక్కిసలాట. అందుకని మా ఆయన అపార్ట్‌మెంట్లవాళ్ళని వ్యాన్లో ఎక్కించి మా అన్నయ్య పొలానికే తీసుకొచ్చాడు. పుట్టలో పాలు పోసుకున్నట్టూ ఉంటుంది, పంట చూసుకున్నట్టూ ఉంటుంది. వాళ్ళ పెద్ద గవర్రాజుగారు. గోదావరి వైపు మనిషి, ప్లాంటులో రిటైరై ఇక్కడే ఉండిపోయాడు, అసోసియేషన్ ప్రెసిడెంటు. కండువాతో దిగాడు.

"పాలు వేలితో రెండు చుక్కలు చల్లండి సార్, చాలు" అన్నాడు మా ఆయన. "పొయ్యకండి. లోపలున్నదానికి ఊపిరాడదు."

"ఆయ్, తప్పకుండానండీ" అని గవర్రాజుగారు చెంబెడూ ఒంపేశాడు. వెనకాల ఆయన భార్య, ఆవిడ వెనకాల మిగిలిన ఆడవాళ్ళు. గుడ్లు వేశారు. నువ్వుల చిమ్మిలి పెట్టారు. ఆ తర్వాత పిల్లలు టపాకాయల సంచి విప్పారు.

మా ఆయనకి కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి. "పుట్ట మీద టపాకాయలేంటి సార్?" అన్నాడు.

"మా వైపు ఈ ఆనవాయితీ లేదండీ, మీ వైపుదే కదండీ!" అన్నాడు గవర్రాజుగారు అమాయకంగా. అది నిజమే. చవితి నాడు పుట్ట దగ్గర టపాకాయలు కాల్చందే మా ఊళ్ళో పిల్లలు అన్నం తినరు.

వదిన మధ్యలోకి వచ్చింది. "ఒగ్గీ అన్నియ్యా. ఏడాదికి ఓపాలే గదా. పిల్ల గుంటలు, సరదా పడతన్నారు" అని మా ఆయన్ని పక్కకి లాగి, నెమ్మదిగా, "ఆళ్ళు బియ్యం రాయించుకుంతన్నారు. కాసేపు నోరు మూసుకో" అంది.

మూసుకున్నాడు. పుట్ట చుట్టూ పొగ కమ్మింది. వాళ్ళు వెళ్ళేముందు ఏడాదికి సరిపడా బియ్యం మాకే కావాలని చెప్పి మరీ వెళ్ళారు. ఆ సాయంత్రం వదిన మొహం చూడవలసింది. అన్నయ్య కూడా గట్టు మీద గొంతుక్కూచుని, మడి వైపు చూస్తూ, "ఈ ఏడు ఎలక కొట్టుడు నేదు బావా" అన్నాడు. మా అన్నయ్య నోట్లోంచి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను పుట్టాక వినలేదు.

పండగ సందడి తీరకముందే తుపాను వచ్చింది. గాలీ వానా తగ్గి మేం వెళ్ళి చూసేసరికి చేతికందిన వరి నేలమీద పరుచుకుపోయి ఉంది. నీళ్ళు తియ్యని మడిలో కోత మిషను దిగదు. ఊరందరి చేనూ ఒక్కసారే పడిపోయింది కాబట్టి కూలీలు దొరకరు. వెన్ను మొలకెత్తకముందే ఎవరి చేను వాళ్ళు కొడవలితో కోసుకుని పైకి లాక్కోవడమే. మళ్ళీ వాన ఉందని టీవీలో చెబుతున్నారు. మా ఆయనా నేనూ గాజువాకలో ఇంటికి తాళం వేసి వచ్చి మడిలో దిగాం.

నలుగురం వంగి కోస్తుంటే రెండు కార్లు వచ్చాయి. ఆదివారం కోతలు చూపిస్తానని మా ఆయన ఎప్పుడో మాటిచ్చి ఉన్నాడు. ఇప్పుడు రావద్దంటే పంట పాడైందని అనుకుంటారేమో, బియ్యం వద్దంటారేమో అని వదినే రానిమ్మంది. వాళ్ళు గట్టు మీద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. గవర్రాజుగారి కోడలు కొడవలి అడిగి తీసుకుని, మెరక మీద నిలబడిన నాలుగు దుబ్బులు కోసింది.

అప్పుడే వదిన బోరు దగ్గరికి వెళ్ళి కాలు కడుక్కోవడం చూశాను.

"ఏటయినాది వదినా?"

"మోడు గుచ్చుకున్నాది. బాగా దిగినాది" అంది. పసుపు అద్దుకుని, చీర కుచ్చిళ్ళు కిందికి దించుకుని, ఇంట్లోకి వెళ్ళి వాళ్ళందరికీ టీ పెట్టింది. పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని తనే తెచ్చింది. గవర్రాజుగారి భార్య దగ్గర నిలబడి, మా మడిలో పాములు మనిషి జోలికి రావమ్మా, ఇంటి మనుషుల్లాటియి అని నవ్వుతూ చెప్పింది. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. మళ్ళీ వచ్చి కొడవలి పట్టింది. మధ్యాహ్నం భోజనాలకి లేచినప్పుడు కుప్ప వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది. ఎండ అనుకున్నాం.

మా ఆయన మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆవిడ పుక్కిలించి ఉమ్మిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన వంగి చీర అంచు పైకెత్తి చూశాడు. పాదం నుంచి పిక్క దాకా నీరు పట్టినట్టు ఉబ్బి నల్లబడింది.

"ఏ పాము చెల్లెమ్మా?"

"ఏటీ నేదు అన్నియ్యా. పచ్చ గీత లోపలిదే. మచ్చలు మచ్చలుగా, కొండసిలువ పిల్ల. పనల కింద పడుకున్నాది, సూడక కాలేసీసినాను. సంపనేదు. కొడవలి పిడితో పక్కకి తోసీసి, పో తల్లీ అన్నాను."

"పాకిపోయిందా?"

"నేదు. ఆడే సుట్టుకుని, కుక్కర్ ఈలేసినట్టు బుసకొట్టినాది. పట్నమోళ్ళు ఆ బుస ఇంటే బెదిరిపోతారని నానే అడ్డం నిల్సున్నాను."

"రక్తపింజర" అని నాతో అని, మా ఆయన గట్టు వైపు పరిగెత్తాడు. కార్లు ఇంకా ఉన్నాయి. గవర్రాజుగారిని ఏమడిగాడో నాకు వినబడలేదు. ఆయన మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. భార్యనీ కోడల్నీ రెండో కారెక్కించి, వదినని తన కారు వెనక సీట్లో పడుకోబెట్టించి, తనే తోలాడు. దారి పొడవునా ఆవిడ వాంతులు చేసుకుంటూనే ఉంది. ఆ పెద్దమనిషి సీటు గురించి ఒక్క మాట అనలేదు. ఆ మంచితనం నేను మరిచిపోను, తర్వాత ఏం జరిగినా.

పట్నంలో పెద్దాసుపత్రి వాళ్ళు చెయ్యగలిగినదంతా చేశారు. మందెక్కించారు, రక్తమెక్కించారు. పొద్దున కరిచిందని విని డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి మా వైపు చూసింది. కిడ్నీలు ఆగిపోయాయి, మిషను పెట్టారు. మిషను పెట్టినా వదిన మొహం రోజురోజుకీ ఉబ్బిపోయింది. ఆఖరిసారి మాట్లాడింది నాతోనే. నా చెయ్యి పట్టుకుని, "కుప్ప మీద టార్పాలిన్ కప్పినారా?" అంది. కప్పామన్నాను. "అన్నియ్య మిగతా పట్నమోళ్ళకి పాము సంగతి సెప్పకుండా సూడు" అంది. అంతే. ఏ మంచి మాటా, ఏ అప్పగింతా లేదు. ధాన్యం తడవకూడదు, గిరాకీ చెడకూడదు. అంత బాధలో మనిషికి ఇదా పట్టింది అని నాకు ఇప్పటికీ మండుతుంది. ఏడుపొస్తుంది, ఆ వెనకే మంట.

వదినని సాగనంపి వచ్చి కాళ్ళు కడుక్కునేలోపే ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. ఆ రక్తపింజరని ఉమామహేషే సంచిలో తెచ్చి వదిలాడన్నారు. చవితి నాడు నాగన్నకి కోపం తెప్పించామన్నారు. మందు మానేసిన నలుగురు రైతులూ దుకాణానికి వెళ్ళి మందు కొనుక్కొచ్చి, మాకు కనబడేలాగే గట్ల మీద చల్లారు. అన్నయ్య మా ఆయన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

కర్మలు అయిన మర్నాడు మా ఆయన సున్నం బకెట్టు పట్టుకుని పాలకేంద్రానికి బయల్దేరాడు. మనిషి తీరు చూసి నేనూ వెంట వెళ్ళాను. బ్రష్షు ముంచి, వెయ్యకుండా, గోడ ముందు అలాగే నిలబడ్డాడు.

"ఇలా రా. కొండచిలువ ఏది?"

"ఇదిగో."

"రక్తపింజర?"

"అదిగో, ఎర్ర గీతలోది."

"ఉండు" అని బకెట్టు దింపి, ఒక చెయ్యి ఆకుపచ్చ గీత మీదా ఒక చెయ్యి ఎర్ర గీత మీదా అడ్డంపెట్టాడు. "ఇప్పుడు చెప్పు."

రెండు బొమ్మల్లోనూ అదే గోధుమరంగు, అవే మచ్చలు, అదే లావు. ఒకే చేత్తో, ఒకే డబ్బాలోంచి వేసిన తాళ్ళు. చూసిన మొదటి రోజే నవ్వుతూ అన్నాను ఆ మాట. తెలుస్తోందని అబద్ధం చెబుదామనుకున్నాను. ఆయన చేతులు తీసేసి సున్నం వెయ్యడం మొదలుపెట్టాడు. ఒక పూత వేస్తే మచ్చలు పైకి తేలుతున్నాయి. మళ్ళీ వేశాడు. పాలు పొయ్యడానికి వచ్చినవాళ్ళు క్యాన్లు పట్టుకుని చుట్టూ నిలబడి చూశారు. ఆ రోజు తర్వాత ఆయన ఫోను మోగినా ఎత్తలేదు. పాము పట్టే కర్ర అటక మీదకి పోయింది.

అయినా ధాన్యం ఉంది కదా. తడిసినంత తడిసి, మొలకెత్తినంత పోగా, మిగిలింది ఆరబెట్టి మరపట్టించాం. పంపిద్దామని నేనే పట్టుబట్టాను. వదిన గడువు అడిగింది ఈ పంటకే. ఈ బియ్యం అమ్ముడుపోతే మడి ఉంటుంది. ఆవిడ పోయినా ఆ మాట పోకూడదని నా పంతం. సంచులు కుట్టి, ఆటోలో వేయించి, ఇంటింటికీ చేర్పించాను. ఆ వారంలో కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత గాజువాకలో మా ఇంటికి గవర్రాజుగారు వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. వెనక ఆటోలో మా సంచులే.

"ఏమనుకోకండమ్మా" అన్నాడు. "మా ఇంట్లో ఆడవాళ్ళు వినడం లేదండీ. సర్పం ప్రాణం తీసిన మడి కదండీ, ఆ బియ్యం తింటే దోషమంటున్నారండీ. ఎవరో పంతులుగారు కూడా అదే చెప్పారంటండీ. డబ్బు వెనక్కివ్వద్దండీ, బియ్యం మాత్రం ఉంచేసుకోండి."

"పుట్టలో చెంబెడు పాలు పోసినప్పుడు లేని దోషం ఇప్పుడెక్కడిదండీ?" అని అరిచాను. "పొగ పెట్టినప్పుడు ఏమైంది మీ సర్పం? మా వదిన మీకు టీ ఇచ్చింది. కరిచిన కాలితో నిలబడి మీకు టీ ఇచ్చింది, మీరు బెదిరిపోకూడదని!"

ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. "తెలుసండీ" అన్నాడు. "నాకు అన్నం సయించడం లేదండీ. అయినా ఇంట్లో నా మాట చెల్లడం లేదండీ." ఆటోవాడు సంచులు దింపాడు. ఆయన వెనకాలే మిగతా ఇళ్ళవాళ్ళూ పంపేశారు. మా ముందుగది నిండిపోయి మంచం వసారాలోకి పోయింది. మిగతా రైతుల బస్తాలు మిల్లువాడికి మామూలు బియ్యంగా పోశాం. వదిన కోసిన మడి బస్తాలు మాత్రం నేను ఎత్తనివ్వలేదు. రోజూ ఆ బియ్యమే వండాను. మాకు పట్టే దోషం పట్టేసింది, ఇంకా కొత్తగా పట్టేదేముంది?

అన్నయ్య ఊరినుంచి ఫోను చేసి మడి బేరం కుదిరిందన్నాడు. నేను బస్సెక్కి పరిగెత్తాను.

"వదిన అమ్మొద్దన్నాది అన్నయ్యా."

"అమ్మొద్దననేదు. పంట అమ్ముడుపోకపోతే అమ్మీమన్నాది. నీ ముందే అన్నాది." నులకమంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తూ చెప్పాడు. "మీ ఆయన్ని నాను ఏటీ అనను. అది నమ్మినాది, ఎలిపోనాది. నాను నమ్మనోణ్ణి, నాను ఉండిపోనాను. ఆ మడిలోకి దిగలేకపోతన్నాను సూర్యకళా. కాలెట్టలేకపోతన్నాను."

ఇద్దరం ఏడ్చాం. వచ్చేశాను.

శివరాత్రి దాటి ఎండ ముదురుతున్న రోజుల్లో మా ఆయన ఫోను మోగింది. ఎప్పట్లాగే ఎత్తలేదు. మోగీ మోగీ ఆగి, నా ఫోను మోగింది. అన్నయ్య.

"బావని బేగి రమ్మను. మడి సదును సేత్తన్నారు, పుట్ట పగలగొట్టీనారు. పాము బయటికొచ్చినాది. ఈళ్ళు సంపెత్తారు."

మా ఆయన అటక మీంచి కర్ర దింపాడు. గుడ్డసంచి ఎక్కడుందో ఆయనకి తెలియదు, నేనే వెతికి తీసుకుని బండి వెనక కూర్చున్నాను.

మేం వెళ్ళేసరికి ప్రొక్లెయినర్ ఆగి ఉంది. పుట్ట ఉన్న గట్టు సగం ఎర్రమట్టి కుప్పైపోయింది. పనివాళ్ళు పారలు పట్టుకుని ఒక పక్క నిలబడ్డారు. వాళ్ళకీ మట్టికుప్పకీ మధ్యలో మా అన్నయ్య చేపాటికర్ర అడ్డంపెట్టి, చెమటలు కారుతూ నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచో తెలియదు. ఆయన వెనక, మట్టిబెడ్డల సందున, పొడుగాటి పాము.

"జెర్రిపోతు" అన్నాడు అన్నయ్య, మా ఆయన మొహంలోకి చూడకుండా. "ఇది అది కాదు బావా. నాకు తెలుసు. నీ సెల్లెమ్మ గోడ మీద సూపించి సెప్పినాది నాకు."

మా ఆయన పట్టులోంచి అది రెండుసార్లు జారింది. మూడోసారి పట్టుకుని తోక ఎత్తాడు, నేను సంచి నోరు తెరిచి పట్టాను. లోపలికి దిగింది. మూతి కట్టాడు. పనివాళ్ళు పారలు భుజాన వేసుకున్నారు, మిషను మళ్ళీ మొదలైంది.

"మరి ఎక్కడ ఒగ్గుతావు బావా?" అన్నాడు అన్నయ్య.

ముగ్గురం చుట్టూ చూశాం. ఉత్తరాన హద్దురాళ్ళు, తూర్పున హద్దురాళ్ళు, పడమట వెంచరువాళ్ళు ఒక ఆర్చి కట్టి దాని మీద ఊటీ అని ఏదో పేరు రాశారు. దక్షిణాన మిగిలిన నాలుగు మడుల గట్ల మీద ఎలకల మందు. అన్నయ్య కర్ర భూమిలో గుచ్చి దాని మీద గడ్డం ఆనించాడు. మా ఆయన సంచి పట్టుకుని నిలబడ్డాడు.

"పదండి" అన్నాను.

సంచి నా ఒళ్ళో పెట్టుకుని బండెక్కాను. గుడ్డలో అది మెల్లిగా చుట్టుకుంటోంది, దాని బరువు నా తొడ మీద తెలుస్తోంది. ఆనందపురం దాటేదాకా ఆయన అటూ ఇటూ చూస్తూనే తోలాడు, ఎక్కడా ఆపలేదు. ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. ఆయన బండి స్టాండు వేసి, తాళం తీసి, గుమ్మం బయటే ఆగిపోయాడు. ముందుగదిలో వదిన బియ్యం బస్తాలు. నాలుగు రోజులుగా వాటికి ఎలకలు కన్నాలు పెడుతున్నాయి. మందు పెడదామని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

సంచి రెండు చేతులా పట్టుకుని గుమ్మం నేనే దాటాను.